అంచుకు కట్టిన ఎర్ర దారం

పోయిన నెల ఆదోనిలో ఒక బట్టల కొట్టులో కూర్చుని నేత చీర ఒకటి విప్పించాను. మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఎమ్మిగనూరులో ఆ వాసనలోనే వండుకున్నాను, తిన్నాను, పడుకున్నాను. అది ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు. అంచు వెంట వేలు పోనిస్తుంటే ఒక చోట చిన్న ముడి తగిలింది. ఎర్ర నూలు ముక్క, గోరంత. కొట్టతను తల వంచి చూసి, అది డ్యామేజీ గుర్తని, వేరే చీర చూపిస్తానని లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ముడి ఉన్న చోట చీరను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాను. తెగిన పోగును ఎవరో ఎంత ఓపికగా అతికారంటే, ఆ ముడి లేకపోతే అక్కడ తెగిందని నాకు కూడా తెలిసేది కాదు. అతికిన మనిషి దారం తీయడం మరిచినట్టున్నాడు. అదే కట్టివ్వమన్నాను. కొట్టతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. ఆ దారం ఎందుకు కడతారో నాకు నేర్పిన మనిషి గురించి రాయాలని ఏళ్ల తరబడి అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఆ పూట ఇంటికి రాగానే మొదలుపెట్టాను.

ఆయన పేరు మాబుసాబు. ఎమ్మిగనూరు నేత సొసైటీలో, నేతగాళ్లు నేసి తెచ్చిన చీరలను తీసుకునే ముందు తనిఖీ చేసే ఉద్యోగం. కిటికీకి ఎదురుగా ఒక వాలు బల్ల ఉండేదట. దాని మీదుగా చీరను మూర మూర లాగుతూ వెలుతురులో చూసేవారు. పోగు తెగిన చోట, పేక, అంటే అడ్డపోగు, తప్పిన చోట, అంచుకు ఎర్ర నూలు ముక్క కట్టి నేసిన మనిషికే తిరిగి ఇచ్చేవారు. తాను సరిచేసేవారు కాదు. నేసినవాడు దాన్ని ఇంటికి తీసుకుపోయి, ముడి ఉన్న చోట చూసుకుని, సూదితో పోగు అతికి, తన చేత్తోనే దారం తీసి మళ్లీ తెచ్చేవాడు. దారం కట్టేది చూసినవాడు, తీసేది నేసినవాడు. ఆ పద్ధతిలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఉద్యోగం అయిపోయాక మాబుసాబు సారు తన ఇంటి వసారాలో మాలాంటి వాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాలు తిని మగ్గాలు కాసేపు ఆగినప్పుడు ఒక గంట బడి. పది పన్నెండు మందిమి పోయేవాళ్లం.

నాకప్పుడు యాభై దాటాయి. పుట్టింది ఆదోనిలో. ఎనిమిదేళ్లకే పత్తి మిల్లులో కూర్చుని దూదిలో ఆకు చెత్త ఏరాను. ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చాక మా ఆయన మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టాను. చదువు లేదని నాకెప్పుడూ దిగులు ఉండేది కాదు. కానీ ఒక రోజు ఏదో ఆఫీసులో వేలిముద్ర కోసం అక్కడి మనిషి నా బొటనవేలు పట్టుకుని సిరా దిండుకు అద్ది, కాగితానికి అద్ది, వదిలేశాడు. నా మొహం కూడా చూడలేదు. ఆ వేలు నాది కానట్టు, అతని బల్ల మీద సామాను అయినట్టు. ఇంటికి వచ్చి నాలుగు సార్లు కడుక్కున్నాను. మరుసటి రోజే సారు వసారాలో పలక పట్టుకుని కూర్చున్నాను. ఏడాదిన్నరలో చదవడం, రాయడం వచ్చేసింది. వచ్చింది కాబట్టి గర్వం కూడా వచ్చింది. దాని సంగతే ఇప్పుడు చెప్పాలి.

మా వీధుల్లో అమావాస్య నాడు మగ్గం ఆడదు. మిగతా రోజుల్లో గంట సాగే బడి ఆ రోజు పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా నడిచేది. అందరం ఇంటి దగ్గర ఒక పేజీ రాసుకుని రావాలి. ఏదైనా సరే. సారు ముందుగా ఒక బిస్కెట్ డబ్బా తిప్పేవారు, అందులో అందరి పెన్నులూ వేసేయాలి. తర్వాత ఒక్కొక్కరికి ఒక సూది, జానెడు ఎర్ర నూలు. ఒకరి కాగితం ఇంకొకరి చేతికి మారేది. చదివే మనిషి చేతిలో కలం ఉండకూడదని సారు పట్టు. చదివి, ముందు తనకు ఏం అందిందో రాసినవాళ్లకు చెప్పాలి. తర్వాత ఎక్కడ అర్థం తెగిందో అక్కడ కాగితం అంచులో సూది గుచ్చి దారం ముడి వేయాలి. ఇట్లా రాయి, అట్లా రాయి అని చెప్పకూడదు, అడగాలి. రాసినవాళ్లు ఇంటికి పోయి బాగుచేసుకుని, దారం తీసి, తిరిగి తేవాలి. మొదట్లో నాకు ఇదంతా చిన్నపిల్లల ఆటలా అనిపించింది. తప్పు కనిపిస్తే తప్పని చెప్పడానికి సూదీ దారం ఎందుకు, నోరుంది కదా అనుకునేదాన్ని.

ఒక అమావాస్యకు తిక్కయ్య కాగితం నా చేతికి వచ్చింది. తిక్కయ్య మా వీధి చివర నేతగాడు, నాకంటే పెద్దవాడు, మాట తక్కువ. వాళ్ల గేదె గురించి మూడే వాక్యాలు రాశాడు. మా ఎనుము చచ్చిపోయింది. ఇంట్లో అందరూ ఏడ్చినారు. నేను మగ్గం ఎక్కినా. అంతే. నేను అందరిలో గట్టిగా అన్నాను, “ఇది రాతనా తిక్కయ్యన్నా? నీ ఎనుము చచ్చిందని వీధంతా తెలుసు. మళ్లా కాగితం పాడుచేసేదేంటికి?” నలుగురు నవ్వారు. నవ్వించానని నాకు సంతోషమైంది. తిక్కయ్య కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. మరుసటి రోజు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. చివరికి సారే పోయి, అరుగు మీద కూర్చుని, ఏం మాట్లాడారో తెలియదు, వెంటబెట్టుకుని వచ్చారు. వచ్చాక నన్ను ఏమీ అనలేదు. ఆ కాగితం నా ముందు పెట్టి అడిగారు.

“లింగమ్మా, దీంట్లో నీకేం అందింది?”

“ఏముండాది సారూ అందేదానికి. ఎనుము చచ్చింది.”

“ఇంట్ల అందరూ ఏడ్చినారంట. ఈయప్ప మాత్రం మగ్గం ఎక్కినాడంట. ఎందుకెక్కినాడో నీకు తెలుసుకోవాలని లేదా?”

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. తిక్కయ్య వైపు తిరిగి, ఎందుకెక్కితివన్నా అని అడిగాను. “మగ్గం సప్పుడులో ఎవురికీ ఇనపడదని” అన్నాడు. వసారాలో ఎవరూ నవ్వలేదు. నేను సూది తీసుకుని మూడో వాక్యం పక్కన దారం కట్టాను. సూది వేలికి గుచ్చుకుంది. తర్వాతి అమావాస్యకు తిక్కయ్య ఆ మాట కూడా రాసుకుని తెచ్చాడు. దారం తీసేసి ఉంది, సూది పోయిన చోట రెండు బెజ్జాలు మాత్రం మిగిలాయి.

ఆ రోజు అందరూ పోయాక సారు నన్ను ఆగమన్నారు. తాను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు దారం కట్టే ఓపిక ఉండేది కాదని చెప్పారు. తప్పు కనిపిస్తే పదిమందిలో అరిచేవారట, చీరను బల్ల మీంచి కిందికి తోసేవారట. ఒక నేతగాడు ఆ అరుపులకు భయపడి, తెగిన చోటు కనపడకుండా చీరను లోపలి వైపుకు మడిచి తేవడం నేర్చుకున్నాడు. ఎన్ని చీరలు అట్లా దాటిపోయాయో సారుకు ఇప్పటికీ తెలియదట. “తిడితే తప్పు పోదమ్మా. మడతలోకి పోతాది” అన్నారు. నాకు అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైందనుకున్నాను. మనుషులను తిట్టకూడదని అర్థం చేసుకున్నాను, అంతే. మంచితనంతో కూడా మనిషి తప్పును మడతలోకి తోసేయవచ్చని అప్పుడు తెలియలేదు.

మాతోపాటు ఈరమ్మ అని ఒకామె చదువుకునేది. కౌతాళం వైపు నుంచి వచ్చింది, మాటల్లో కన్నడం కలిసేది, నన్ను అక్కా అనేది. ఆమె కూతురు సుజాత ఆదోనిలో ఆడపిల్లల హాస్టలు బడిలో ఎనిమిదో తరగతి. పెళ్లిళ్ల కాలంలో నేత పని ఎక్కువై, కండెలు చుట్టే మనిషి లేక, పది రోజులని చెప్పి ఈరమ్మ ఆ పిల్లను ఇంటికి తెచ్చుకుంది. పది రోజులు మూడు నెలలయ్యాయి. బడిలో పేరు కొట్టేశారు. మళ్లీ చేర్చుకోవాలంటే తల్లి అర్జీ రాసివ్వాలి, వాళ్ల కమిటీ కూర్చుని చూస్తుంది, కాదంటే ఆ ఏడాదికి ఇక లేదు, వచ్చే ఏడు మొదట్లో అడగాలి. పిల్ల చదువు ఆ ఒక్క కాగితం మీద నిలబడింది. కమిటీ కూర్చునేది సోమవారం. అంతకు ముందు వచ్చిన అమావాస్యకు ఈరమ్మ ఆ అర్జీనే తన పేజీగా రాసుకుని వచ్చింది. అది నా చేతికి వచ్చింది.

అందులో ఏముందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. “సుజాత బడికి రానన్లేదు. నేనే పంపలేదు. కండెలకు మనిషి లేక ఇంట్ల పెట్టుకున్యా. పొద్దున బడి గంట కొట్టే యాళకు అది రాట్నం ఆపి ఉత్తగా కూసుంటాది. మళ్లా తిప్పుతాది. దినామూ చూసి నాకు బుద్ధి వచ్చింది. తప్పు నాది, పిల్లది కాదు. దాన్ని తీసుకోండి.” గీతలు వంకర, మాటకూ మాటకూ మధ్య చోటు లేదు. చదివి నేను సిగ్గుపడ్డాను, ఆమె తరఫున. అధికారులకు ఎవరైనా ఇట్లా రాస్తారా, తన తప్పు తానే రాసిచ్చుకుంటారా అనిపించింది. ఆ పూట సారుకు జ్వరం, లోపల పడుకుని ఉన్నారు. దారం కట్టలేదు నేను. కాగితం ఇంటికి తీసుకుపోయాను. ఇంట్లో పెన్ను ఉంది.

ఈరమ్మ అడగలేదు, నేనే పోయి, నీ అర్జీ నేను సరిచేసిస్తానన్నాను. ఆమె భయంగా సరే అంది. ఆఫీసుల ముందు చెట్ల కింద కూర్చుని అర్జీలు రాసేవాళ్ల భాష నాకు చెవిన పడి ఉంది. తమరి దివ్య సముఖమునకు అని మొదలుపెట్టాను. నా కుమార్తె తీవ్ర అనారోగ్య కారణముచే అని రాశాను. తమరి పాదములు పట్టి వేడుకొనుచున్నాను అని ముగించాను. ఒక్క కొట్టివేత లేదు, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. బడి గంట, రాట్నం, బుద్ధి, తప్పు, అన్నీ పోయాయి. ఆమె రాసిన కాగితాన్ని పొయ్యిలో పెట్టాను, దాంతో ఇక పనేముంది అని. కింద ఈరమ్మ సంతకం పెట్టింది. జబ్బు అంటే పిల్లను ఏమైనా అడుగుతారేమో అక్కా అని గొణిగింది. ఎవరడుగుతారులే అన్నాను.

సోమవారం ముగ్గురం ఆదోనికి పోయాం. నా రాతను వాళ్లు చదువుతుంటే చూడాలని నాకు ఆశ. ఆ బడి పెద్ద మేడం నడివయసు మనిషి, కళ్లద్దాలు పైకి తోసుకుని అర్జీ చదివింది. డాక్టరు చీటీ ఉందా అంది. లేదు. పిల్లవైపు తిరిగి ఏం జబ్బు అంది. సుజాత తల్లి మొహం చూసింది, నా మొహం చూసింది. “జబ్బు రాలేదు మేడం. కండెలు చుట్టినా” అంది. ఆ మేడం కోప్పడి ఉంటే బాగుండేది. అర్జీ బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది, “కండెలకు ఆపినానని రాసింటే లోపల చెప్పేదానికి నాకొక మాట ఉండేదమ్మా. ఇట్లాంటి తల్లులు నాకు కొత్త కాదు. అబద్ధం మీద సంతకం పెట్టి తెచ్చిస్తే దీన్ని పట్టుకొని నేనేం మాట్లాడాల?” మధ్యాహ్నానికి ఆ సీటు ఇంకో పిల్లకు పోయింది. అర్జీ తిరిగి ఇచ్చేశారు.

తిరుగు బస్సులో ఈరమ్మ కిటికీ పక్కన, సుజాత మధ్యలో, నేను చివర. ఎమ్మిగనూరు వచ్చింది. దిగే ముందు ఈరమ్మ అంది, “నువ్వు బాగానే రాసినావులే అక్కా. నాది కాకపాయ, అంతే.” అంతకంటే తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి తేలికయ్యేదాన్ని.

తర్వాతి అమావాస్యకు సారు కోలుకుని వచ్చి కూర్చున్నారు. జరిగింది నేనే చెప్పాను. చెప్పేటప్పుడు ఆ మేడం మీదికి తోశాను, చదువుకున్నవాళ్లకు బీదల బాధ తెలియదన్నాను. సారు వినేసి, అర్జీ తెమ్మన్నారు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, చీర చూసినట్టు పైనుంచి కిందికి చూశారు. తర్వాత నా చేతికిచ్చి, పక్కనే దారం పెట్టి, “యాడ తెగిందో కట్టు” అన్నారు. నేను చదివాను. మళ్లీ చదివాను. ఎక్కడా ఆగాల్సిన పని లేదు.

“యాడా తెగలేదు సారూ. అంతా నున్నగా ఉండాది.”

“మరి ఈరమ్మ యాడుంది దీంట్లో?”

వెతికాను. దివ్య సముఖంలో లేదు. అనారోగ్యంలో లేదు. పట్టుకున్న పాదాల్లో కూడా లేదు. చివరికి కింద వంకరగా ఉన్న ఆమె సంతకం కనిపించింది. ఆ పేజీలో ఆమెది అదొక్కటే. దాని పక్కన సూది గుచ్చి ముడి వేశాను. నన్ను మొహం చూడకుండా వేలు పట్టుకున్న ఆఫీసు మనిషి అప్పుడు గుర్తొచ్చాడు. వాడు నా వేలు వాడుకున్నాడు, నేను ఈరమ్మ సంతకం వాడుకున్నాను. సారు ఆ మాట అనలేదు. డబ్బాలోంచి నా పెన్ను తీసి ఈరమ్మకు ఇచ్చారు. ఆమెను మళ్లీ రాయమన్నారు, నన్ను పక్కన కూర్చుని అడగడం మాత్రమే చేయమన్నారు. మూడు రోజులు పట్టింది. మొదటి కాగితంలో ఉన్న మాటలు ఆమెకు మళ్లీ దొరకలేదు. రాట్నం ఆపి కూర్చునే సంగతి రాయి అని నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. పొద్దున పిల్ల ఏం చేస్తాదమ్మా అని అడిగాను. ఆమె రాసుకుంది, ఇంకో రకంగా. కాల్చిన మాటలు కాల్చినట్టే పోయాయి. కొత్త ఏడాది మొదట్లో ఆ అర్జీతో సుజాతను చేర్చుకున్నారు.

సారు ఆ తర్వాత ఆరేళ్లు ఉన్నారు. చివర్లో చూపు పోయింది. ముప్పై ఏళ్లు వెలుతురుకు ఎదురుగా పోగులు చూసిన కళ్లు. మా ఆయన పోయాక నేను ఆదోనికి మారిపోయాను, కానీ రెండు నెలలకొకసారి ఎమ్మిగనూరు పోయి, నేను రాసిన పేజీ ఏదైనా ఆయన మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. దారం కట్టలేరు కాబట్టి, అర్థం తెగిన చోట చూపుడు వేలు కొద్దిగా ఎత్తేవారు. నేను ఆగేదాన్ని. అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టుకుని ముందుకు పోయేదాన్ని. ఆఖరుసారి పోయినప్పుడు పేజీ మొత్తం చదివినా వేలు లేవలేదు. బాగా రాశానేమో అని సంబరపడి మొహం చూశాను. నిద్రపోతున్నారు. నాకు నవ్వొచ్చింది. మళ్లీ పోయేలోపు ఆయన లేరని కబురు వచ్చింది.

ఇప్పుడు నేనుండే వీధిలో సాయంత్రం పూట ఏడెనిమిది మంది ఆడవాళ్లు చదువుకోవడానికి వస్తారు. వాళ్ల కాగితాలు చదివే ముందు నా పెన్ను డబ్బాలో వేస్తాను. నోరు మంచిది కాదు నాది, ఇప్పటికీ జారుతుంది. అందుకే సూది చేతిలోకి తీసుకుంటాను, సూదికి దారం ఎక్కించేలోపు నోటికి వచ్చిన మొదటి మాట వెనక్కి పోతుంది.

సుజాత ఇప్పుడు కౌతాళం దగ్గర ఒక ఊళ్లో టీచరు. కొట్టులో కొన్న చీర ఆమెకే. చీరతోపాటు నేను రాసిన ఈ కాగితాలు కూడా ఇచ్చాను, సారు గురించి రాశాను చదవమని. అప్పుడు ఇందులో నేను అర్జీ రాసిన సంగతి లేదు, బస్సు లేదు. హాస్టలు బడివాళ్లు ఒప్పుకోలేదు, ఒక ఏడాది పోయింది, సారు చొరవతో మళ్లీ చేరింది అని ఒక్క వాక్యంలో దాటేశాను. వారం తర్వాత కాగితాలు తిరిగి వచ్చాయి. ఆ వాక్యం పక్కన ఎర్ర దారం. ఫోను చేసి, ఏమి తల్లీ అక్కడ అన్నాను.

“ఈడ తెగింది పెద్దమ్మా” అంది. “ఆ ఏడు యాడికి పోయిందో నాకు అందలా.”

నువ్వే చెప్పు, ఎట్లా పోయిందో అని అప్పుడు మొదటిసారి అడిగాను. ఇన్నేళ్లలో నేను ఆ పిల్లను ఆ మాట అడగలేదు. తన జత పిల్లలంతా పదో తరగతి పరీక్షకు పోతుంటే, తాను తొమ్మిదిలో ఉండి, వాళ్ల పరీక్ష అట్టలు గేటు దాకా మోసిందట. ఆమె గొంతులో కోపం లేదు. ఆ తర్వాత నాలుగు రోజులు కూర్చుని, దాటేసిన వాక్యాన్ని విప్పి, మీరు పైన చదివినదంతా రాశాను.

బాగుచేసుకున్నాక దారం తీసేయాలి, తీసే హక్కు రాసినవాళ్లది. సారు పద్ధతి అదే. రాత బాగుచేశాను. ఆ ఏడాది మాత్రం నా సూదికి అతికేది కాదు. దారం తీయలేదు.